మండకూడని గ్యాస్

గ్యాస్ మెషీను గొట్టం చివర తేలిన సబ్బు బుడగ భగ్గుమని అంటుకుంది.

రెప్పపాటే. పసుపు మంట పళ్లెంలోని నురగంతా నాకేసి ఆరిపోయింది. కర్ర చివర గుడ్డ చుట్టి, వెలిగించి, దూరంగా నిలబడ్డ పెద్దమ్మాయి ఆ కర్రను దించడం మరిచిపోయింది. కారు ఏసీలో తిరిగే గ్యాస్ మండదు. నిప్పు పెడితే నిప్పే ఆరుతుంది. ఆ షెడ్డులో పనికి చేరిన ప్రతి మనిషికీ మేస్త్రి మొదట చెప్పే సంగతి అది.

"ఇంకోసారి చూపించమ్మా," అన్నాడు సర్వేయరు, కుర్చీలోంచి లేవకుండానే.

చూపించింది. మళ్లీ అంటుకుంది.

సర్వేయరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పెద్దమ్మాయి కర్రను బకెట్లో ముంచింది. గుడ్డ చుయ్‌మని ఆరింది. ఈ పరీక్ష చేసి చూపిస్తానని సర్వేయరును పిలిపించుకున్నది ఆమే.

ఈలపాట ట్యాక్సీ తగలబడింది పోయిన సోమవారం. బండి నడిపినంతసేపూ ఈల వేస్తూనే ఉంటాడు కాబట్టి అతనికి ఆ పేరు. ప్యాసింజర్ల కోసం కాచుకుని, అద్దాలు మూసుకుని సీట్లోనే కునుకు తీశాడు. లేచి సిగరెట్ కోసం లైటర్ నొక్కాడు. కారు లోపలి గాలి మొత్తం ఒక్కసారి మండింది. తలుపు తోసుకుని బయటపడ్డాడు కాబట్టి బతికాడు. రెండు చేతులూ, ముఖంలో సగమూ కాలాయి. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు.

ఆ ట్యాక్సీకి ముందురోజు మధ్యాహ్నం ఏసీ గ్యాస్ ఎక్కించింది ఈ షెడ్డులోనే. ఎక్కించినవాడు మేస్త్రి కొడుకు, పెద్దమ్మాయికి ఒక్కగానొక్క తమ్ముడు. ఇంట్లో, షెడ్డులో అందరికీ చిన్నాడు. పోలీసులు వచ్చి తీసుకుపోయారు. "నేనే ఎక్కించాను," అన్నది తప్ప వాడు స్టేషన్లో ఇంకో ముక్క మాట్లాడలేదు. అక్క వెళ్లి ఎంత అడిగినా అంతే, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

మంట ఎలా పుట్టిందో తేల్చాల్సింది బీమా కంపెనీ పంపిన ఈ సర్వేయరు. వైరింగ్ లోపం అని ఆయన రాస్తే చిన్నాడు ఇంటికొస్తాడు. షెడ్డులో ఎక్కించిన గ్యాస్ అని రాస్తే ఎక్కించినవాడి మీద కేసు, దాని వెంట జైలు. మా గ్యాస్ మండదు, మీ కళ్లముందే చూపిస్తాను రండి అని పెద్దమ్మాయి ఆయనకు ఫోన్ చేసింది.

మొదట డాక్టరమ్మ కారు మీద చూపించింది. దానికి గ్యాస్ ఎక్కించింది ఈలపాట బండికి ఎక్కించిన రోజే, పొద్దున. ఆ కారు గొట్టానికి పెట్టిన బుడగలు మంట తగిలి ఊరికే పగిలాయి. సర్వేయరు తలూపాడు. పెద్దమ్మాయి గుండె తేలికపడింది. ఇక మెషీను ట్యాంకు ఒక్కటీ చూపిస్తే అయిపోతుందనుకుంది.

"నేను అడగలేదమ్మా," అన్నాడు సర్వేయరు. "చూపిస్తానని నువ్వే అన్నావు."

"పొద్దున ఎక్కించింది మండలేదు కదండీ!"

"మధ్యాహ్నం ఎక్కించిందే మండింది. నాకు కావలసింది మధ్యాహ్నం సంగతి." ఆయన గొంతులో కోపం లేదు, జాలీ లేదు. "సాయంత్రానికల్లా రిపోర్టు పంపాలి. మేస్త్రీ! నా బండి ఎంతవరకు వచ్చింది?"

షెడ్డు మూలన నిలబెట్టిన బూడిదరంగు కారు ఆయనదే. విచారణకు వచ్చినవాడు పనిలో పనిగా, కాసేపు చల్లగా వచ్చి ఆ తర్వాత గాలే రావడం లేదంటూ తన కారు తాళం కూడా మేస్త్రి చేతిలో పెట్టాడు. తెరిచిన తలుపులోంచి మేస్త్రి కాళ్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. మిగతా మనిషి డ్యాష్‌బోర్డు కింద ఉన్నాడు.

"వస్తోంది, వస్తోంది," అంది డ్యాష్‌బోర్డు. "ఈ ఫిల్టరు ఎప్పుడైనా మార్పించారా సార్?"

"అందులో ఫిల్టరు కూడా ఉంటుందా?"

"ఉండేది. ఇప్పుడు పరుపు ఉంది."

మామూలు రోజైతే పెద్దమ్మాయి పకపకా నవ్వేది. ఇప్పుడు ఆమె లెక్క వేరు. ఆ కారు పని అయ్యేదాకానే సర్వేయరు ఇక్కడ ఉంటాడు. ఆ తర్వాత తమ్ముడి పేరు ఆయనతో పాటు వెళ్లిపోతుంది.

ఆమె మెషీను దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది.

నిలువెత్తు మెషీను, కింద చక్రాలు. అడుగున ట్యాంకు. కారులో ఉన్న పాత గ్యాస్‌ను పీల్చి, శుభ్రం చేసి, తూచి మళ్లీ కారుకే ఎక్కిస్తుంది. కొత్త గ్యాస్ కావలసినప్పుడు పెద్ద సిలిండరు తెచ్చి, ట్యాంకు పక్కనున్న వాల్వుకు తగిలించాలి. పొద్దున బాగానే ఉన్న ట్యాంకు మధ్యాహ్నానికి మండే ట్యాంకు అయిందంటే, ఈ మధ్యలో, తను షెడ్డులో లేనప్పుడు, ఎవరో ఆ పక్క వాల్వు తెరిచారు.

వాసన చూసింది. ఏ వాసనా లేదు. వంటగ్యాస్ అయితే ఈపాటికి వీధంతా ముక్కు మూసుకునేది. వాసన లేకుండా మండే గ్యాస్ కొత్తరకం ఫ్రిజ్‌లలో ఉంటుంది. అరచేతిలో పట్టే చిన్న డబ్బాల్లో వస్తుంది.

వాల్వు మూత విప్పింది. మూత బిగించే మరల చుట్టూ నూనెలో తడిపిన తెల్లటి నూలు దారం. తాజాగా ఉంది, మురికి పట్టలేదు.

రబ్బరు వాషర్ల మీద మేస్త్రికి నమ్మకం లేదు. ఏ మూత బిగించినా ముందు మరల మీద నూనె దారం చుడతాడు. "నాన్నా, మూత పెడుతున్నావా, గాలిపటం కడుతున్నావా?" అని చిన్నాడు ఏడిపిస్తుంటాడు. వాడు ఒక్కనాడూ దారం చుట్టింది లేదు. కానీ సిలిండరు ఎత్తి ఈ వాల్వుకు తగిలించే పని ఎప్పుడూ వాడిదే. మేస్త్రి నడుం పట్టేసిన దగ్గర్నుంచి సిలిండరు జోలికే పోలేదు. మరి ఈ దారం ఇక్కడికి ఎలా వచ్చింది?

దారం విప్పి గుప్పిట్లో పెట్టుకుని పక్క షెడ్డులోకి నడిచింది.

పక్క షెడ్డు ఫ్రిజ్ మావయ్యది. వాళ్ల అమ్మకు తమ్ముడు. అమ్మ పోయినా ఆయన ఈ గోడ వదల్లేదు. తలకిందులుగా పెట్టిన ఫ్రిజ్ వెనక కూర్చుని రాగి గొట్టం అతుకుతున్నాడు.

"రా కోడలా. టీ తాగుతావా?"

"తాగను. మావయ్యా, చిన్నాడికి ఫ్రిజ్ గ్యాస్ డబ్బాలు ఎందుకిచ్చావు?"

"వాడికా? నేనా?" మావయ్య నిజంగానే నొచ్చుకున్నాడు. "వాడు నన్నడుగుతాడా? నా గ్యాస్ పేరెత్తితే చాలు, మావయ్యా నీ షాపు పేలిపోతుంది చూసుకో, బోర్డు మీద ముందే శ్రద్ధాంజలి అని రాయించుకో అంటాడు! అలాంటివాడు నా దగ్గర డబ్బాలు..."

ఆగాడు.

"అయితే డబ్బాలు ఇచ్చావు," అంది పెద్దమ్మాయి. "తీసుకుంది చిన్నాడు కాదు."

మావయ్య రాగి గొట్టం చివర కన్ను పెట్టి, అందులో ఏదో దొరుకుతుందన్నట్టు చూశాడు. "నువ్వు ఏసీ షెడ్డులో ఉండాల్సిన దానివి కాదే తల్లీ. పోలీసుల్లో చేరాల్సింది."

"ఎవరికిచ్చావు?"

"అడక్కు. మా అక్క మీద ఒట్టు వేశాను. ఒట్టు తీసి గట్టున పెట్టమని మాత్రం అనకు. అది నావల్ల కాదు."

"ఎవరు వేయించుకున్నారు?"

"అదీ ఒట్టులో భాగమే," అన్నాడు మావయ్య. ఇక తల ఎత్తలేదు.

పెద్దమ్మాయి గుమ్మంలో ఒక క్షణం నిలబడింది. పోయిన అక్కను అడ్డం పెట్టి ఈయన నోరు కట్టేయగలిగిన మనిషి లోకంలో ఒక్కడే. ఆ ఒక్కడూ గోడకు అవతల, సర్వేయరు కారు డ్యాష్‌బోర్డు కింద ఉన్నాడు.

షెడ్డులోకి వచ్చేసరికి సర్వేయరు కుర్చీ వాకిట్లోకి జరుపుకుని ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆమె కారు దగ్గరికి వెళ్లి తలుపు పక్కన గొంతుక్కూర్చుంది.

"నాన్నా."

"లైటు కొంచెం ఇటు పట్టు. ఇంకొంచెం. ఆఁ." మేస్త్రి లోపల్నుంచి ఫిల్టరు లాగి బయట పడేశాడు. దుమ్ము, వెంట్రుకలు, కాగితపు ముక్కలు, వేరుశనగ పొట్టు. "చూశావా? గాలి దూరే సందే లేదు. గాలి తగలకపోతే కాయిల్ మీద మంచు గడ్డ కడుతుంది. గడ్డ కట్టాక ఇంకేం గాలి వస్తుంది? ఈయనేమో కంప్రెసర్ పోయిందని గొడవ. ఆ కొత్త ఫిల్టరు అందుకో."

ఆమె కొత్త ఫిల్టరు అందించలేదు. చాచిన ఆ అరచేతిలో దారం పెట్టింది.

చెయ్యి లోపలికి వెళ్లింది. స్క్రూడ్రైవర్ చప్పుడు ఆగింది.

"మెషీను పక్క వాల్వుకు ఉంది," అంది ఆమె. "చిన్నాడు దారం చుట్టడు."

"చిన్నాడు చుట్టకపోతే నేను చుట్టాను. అది నా మెషీనే."

"నడుంనొప్పితో సిలిండరు ఎత్తావా?"

"ఎత్తాను."

"సిలిండరు ఎత్తలేదు నాన్నా. చిన్న డబ్బాలు ఎత్తావు. వాటికి నడుంతో పనిలేదు."

"మీ మావయ్య చెప్పాడా?"

"చెప్పలేదు. అమ్మ మీద ఒట్టు వేశాడట. ఎవరు వేయించారో కూడా చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా."

"మెల్లగా మాట్లాడు."

"ఎవరు వింటారని? ఆయనా? చిన్నాడా? చిన్నాడికి వినపడదులే. వాడున్న గదికి కిటికీ కూడా లేదు."

"అమ్మాయ్!"

"నేను పరీక్ష చేస్తానన్నప్పుడు నువ్వు వద్దనలేదు. కర్రకి గుడ్డ కూడా నువ్వే చుట్టిచ్చావు. మండుతుందని తెలిసే ఇచ్చావా?"

"తెలీదు." మేస్త్రి గొంతు ఉన్నట్టుండి ముసలిదైపోయింది. "కొంచెమే పోశాననుకున్నాను. ఉన్న గ్యాస్‌లో కలిసిపోయి మండదేమో అనుకున్నాను. మండకూడదని చూస్తూ కూర్చున్నాను. అది వైరింగే అయితే బాగుణ్ను, దేవుడా వైరింగే అవనీ అని ఆ రోజు నుంచీ అదే అనుకుంటున్నాను."

"ఇప్పుడు మండింది. ఆయన లేచి వెళ్లిపోతే తమ్ముడి జీవితం అయిపోయినట్టే."

"ఎక్కించింది వాడే కదా."

ఆ మాట అనేశాక మేస్త్రికే వినబడినట్టుంది. పెద్దమ్మాయి చేతిలో లైటు కదలలేదు.

"ఇంకోసారి అను నాన్నా. నేను సరిగ్గా విన్నానో లేదో."

లోపల స్క్రూడ్రైవర్ కింద పెట్టిన చప్పుడైంది.

"నాతో చెప్తే వాడు బయటికి రాడు," అంది ఆమె. "నేను ఆయనతో చెప్పినా నమ్మడు, తమ్ముడి కోసం అక్క అల్లిన కథ అనుకుంటాడు. మావయ్య ప్రాణం పోయినా నోరు తెరవడు. నీ చెయ్యి దాటితే ఇంక ఎవరి చేతుల్లోనూ లేదు. నేను నిన్ను బలవంతం చెయ్యను. నాకు అంత ధైర్యం లేదు. చిన్నప్పట్నుంచీ లేదు."

వాకిట్లో సర్వేయరు ఫోన్ జేబులో పెట్టుకుని లేచాడు. "మేస్త్రీ, ఇంకా ఎంతసేపు?"

"ఫిల్టరు," అన్నాడు మేస్త్రి లోపల్నుంచి, చెయ్యి చాచి.

పెద్దమ్మాయి ఇచ్చింది. ఇచ్చాక లేచి, ఫ్యాను స్విచ్చు దగ్గరికి వెళ్లి గోడ వైపు తిరిగి నిలబడింది. వెనక ఫిల్టరు పెట్టే అర మూత టకామని పడిన చప్పుడు. స్క్రూలు ఒక్కొక్కటే బిగుస్తున్న చప్పుడు. ఆయన ఒక్క స్క్రూ కూడా వదల్లేదు. తొందరపడలేదు. ఇంజిను స్టార్టయింది. ఆమె తల తిప్పి చూసింది. మేస్త్రి డ్రైవరు సీట్లో కూర్చుని, గాలి వచ్చే జాలీకి అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. గేజీలు రాకముందు నుంచీ అది ఆయన అలవాటు. చల్లదనం మోచేతి దాకా పాకాలి, అప్పుడే బండి అయినట్టు.

ఇంజిను ఆపి దిగాడు. పాత బనియను గుడ్డకు ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు.

"అయిందా?" సర్వేయరు చెయ్యి చాచాడు. "తాళం ఇలా ఇవ్వండి. ఇప్పటికే ఆలస్యమైంది."

"కాస్త కూర్చోండి సార్."

"కూర్చునే టైము లేదు మేస్త్రీ. మీ అబ్బాయి విషయం అంటారా, నేను చేయగలిగింది లేదు. మీ బాధ నాకు అర్థమైంది కానీ..."

"నా బాధ మీకు అర్థం కాలేదు. అందుకే కూర్చోమంటున్నాను."

సర్వేయరు ఆయన ముఖంలోకి చూసి, ఏమనుకున్నాడో, కుర్చీలో కూర్చున్నాడు. మేస్త్రి నిలబడే ఉన్నాడు. పక్క షెడ్డులో సుత్తి చప్పుడు ఆగిపోయింది. మావయ్య గోడ దాకా వచ్చినట్టున్నాడు.

"మండిన గ్యాస్ నేను పోశాను సార్. ఫ్రిజ్ డబ్బాలు. ఆ రోజు సిలిండర్ల బండి రాలేదు. డాక్టరమ్మ కారు వెళ్లాక ట్యాంకు అడుగంటింది. అంతలో ఈలపాట వచ్చాడు. తెల్లారితే దూరం బేరం, బండిలో ముసలివాళ్లుంటారు, కూలింగ్ లేకపోతే ఇంకొకడు ఎగరేసుకుపోతాడు మేస్త్రీ అన్నాడు. గ్యాస్ లేదు, రేపు రా అని పంపేస్తే సరిపోయేది. లేదు అనే మాట ఈ షెడ్డులో వినపడకూడదని నేను పెట్టుకున్న పంతం ఒకటుంది. దాన్ని మోసుకుంటూ పక్క షెడ్డుకి వెళ్లి మా బావమరిదిని అడిగి తెచ్చాను. ఆ తర్వాత వాడి చేత ఒట్టు వేయించాను. వాడిని మీరేమీ అనకండి.

"ఆ గ్యాస్ నా సొంత బండిలో ఎన్నో ఎండాకాలాలు తిరిగింది. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాదనుకున్నాను. నా బండిలో ఏ అతుకు ఎక్కడుందో నాకు తెలుసు. ఈలపాట బండిలో గ్యాస్ ఎందుకైపోయిందో కూడా నేను చూడలేదు. కారుతోంది కాబట్టే అయిపోయింది. కారేది లోపలి కాయిల్, డ్యాష్‌బోర్డు వెనకాల, మనిషి ఊపిరి పీల్చే చోట. ముందు లీకేజీ వెతుకుదాం నాన్నా అని మా వాడు అన్నాడు. వెతకడం మొదలుపెడితే ఇవాళ అవ్వదు, పోసి పంపు అన్నాను. నేను డబ్బా తెరుస్తుంటే వాడు వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ఇది మండుతుంది నాన్నా, వద్దు అన్నాడు. కొట్టాను సార్. గడ్డాలూ మీసాలూ వచ్చిన కొడుకుని, ఈలపాట చూస్తుండగా చెంప మీద కొట్టాను. వాడే గొట్టం తీసుకెళ్లి బండికి తగిలించాడు.

"పోలీసులు వచ్చినప్పుడు నేను ఇదిగో, ఇక్కడే నిలబడి ఉన్నాను. చేతిలో స్పానరు ఉంది. గ్యాస్ ఎవరు ఎక్కించారు అని అడిగారు. నేనే అన్నాడు మా వాడు. అని నా వైపు ఒక్కసారి చూశాడు. నేను స్పానరు చూసుకున్నాను. ఆ గ్యాస్ ట్యాంకులో ఎవరు పోశారని ఎవరూ అడగలేదు సార్. అడగలేదు కదా అని ఊరుకున్నాను."